ఒక్క యూరో ఆదివారం, రూబెన్స్ గుర్రాలు

నమస్కారం అండీ. ఆదివారం మ్యూనిక్‌లో కొట్లు మూసే ఉంటాయి. శనివారం పాలు కొనడం మరిచిపోతే సోమవారం దాకా డికాక్షనే గతి. మరి ఊరినుంచి వచ్చిన అమ్మను ఎక్కడికి తీసుకువెళ్ళాలి? ఆల్టే పినకోథెక్ అనే చిత్రకళా మ్యూజియంకు! ఆదివారం టికెట్టు ఒక్క యూరో. అమ్మ రూపాయల్లోకి మార్చి చూసి కూడా నోరెత్తని ధర, ఈ ఊళ్ళో ఇదొక్కటే.

ఈ వీడియోలో మ్యూజియం గోడ మధ్యలో బోసి ఇటుకలు చూశారా? అది పూత పూయించడానికి డబ్బు చాలక కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి కూలిన భాగాన్ని ఆర్కిటెక్టు హాన్స్ డోల్‌గాస్ట్ తిరిగి కట్టించి, గాయం కనిపించేలా అలాగే ఉంచేశారు.

ఇక మనం వచ్చిన పని. చిత్రకారుడు పీటర్ పాల్ రూబెన్స్ 1618 ప్రాంతంలో చెక్క పలక మీద తైలవర్ణాలతో వేసిన ‘అమెజాన్ల యుద్ధం’. అమెజాన్లంటే గ్రీకు పురాణాల్లోని యోధ స్త్రీలు. ఎత్తు 121 సెంటీమీటర్లు, అంతే. ఇదే మ్యూజియంలో ఆయనదే ‘అంతిమ తీర్పు’ ఆరు మీటర్లుంది. కానీ నా ఫోనుకు లొంగనిది ఈ చిన్నదే. మధ్యలో వంతెన. దాని మీద గుర్రానికి గుర్రం ఢీకొంటోంది. ఎడమనుంచి గ్రీకులు తోసుకొస్తుంటే, కుడివైపు గుర్రాలూ స్త్రీలూ తలకిందులుగా నదిలోకి జారిపోతున్నారు. దగ్గరికి జూమ్ చేస్తే ఒక డెక్కో, తెగిన కళ్ళెమో తప్ప యుద్ధం కనిపించదు.

వంతెన మీద ఆ జెండా చూడండి. ఒకామె దాన్ని వదలకుండా పట్టుకుంటే, జెండాతోపాటే ఆమెనూ గుర్రం మీదనుంచి వెనక్కి లాగేస్తున్నారు. ఈ పెనుగులాట లియొనార్డో డావించి ‘ఆంగియారి యుద్ధం’ నుంచి వచ్చింది. ఆ గోడచిత్రం రూబెన్స్ పుట్టకముందే కనుమరుగైంది. ఆయనకు దొరికింది నకళ్ళే. నకలు చూసి ఇంత వేగం పట్టుకున్నాడంటే నాకు అసూయగానే ఉంది.

అమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

“అందరూ ఆడవాళ్ళేనా? మన ప్రమీల రాజ్యంలాగా?”

“అవునమ్మా, అలాంటిదే.”

“అక్కడ అర్జునుడు పెళ్ళి చేసుకున్నాడు. వీళ్ళు నీళ్ళలోకి తోసేస్తున్నారేమిటి?”

గార్డు మా వైపు చూశాడు. నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు, అందుకే ఇక్కడ వీడియో వణికింది, క్షమించండి.

తిరిగి వస్తూ ట్రామ్‌లో చాలాసేపు మౌనంగా కూర్చుంది. ఇంటి స్టాపు దగ్గర పడ్డాక అడిగింది: “ఆవిడ జెండా వదిలేసి ఉంటుందంటావా?”