నోటి స్కానర్ రివ్యూ: క్యాప్ పనిలో దాని అసలు బలం ఏంటి, ఎక్కడ దెబ్బతింటుంది?

నమస్కారం అండీ. ఈరోజు మన రివ్యూ క్రౌన్ (క్యాప్), బ్రిడ్జ్ పనికి వాడే ఇంట్రాఓరల్ స్కానర్ మీద, అంటే నోట్లో పెట్టి పళ్ల 3డీ ఆకారం తీసే కెమెరా. ట్రయోస్, మెడిట్, ఐటెరో, ప్రైమ్‌స్కాన్ వీటిలో ఏది గొప్ప అనే పోటీ పెట్టట్లేదు. పుట్టీ, లైట్ బాడీ (పళ్ల అచ్చు తీసే గట్టి, పల్చటి ముద్దలు) వదిలి స్కానర్ పట్టుకుంటే క్యాప్ ఫిట్‌లో ఏం మారుతుందో చూద్దాం.

అమ్మడానికి వచ్చినవాళ్లు ముందుగా చెప్పేది, పేషెంట్‌కి వాంతి వచ్చినట్టు ఉండదని. నిజమే, గ్యాగ్ ఎక్కువున్నవాళ్లకి పెద్ద ఊరట. కానీ మేము అంతకంటే ఎక్కువ విలువిచ్చేది ఇంకోటి ఉంది. పేషెంట్ కుర్చీలో ఉండగానే మీరు చేసిన ప్రెప్ (క్యాప్ కోసం చెక్కిన పన్ను) స్క్రీన్ నిండా కనిపిస్తుంది. పుట్టీ కొలతలో మార్జిన్ (క్యాప్ అంచు వచ్చి కూర్చునే గీత) దగ్గర చిన్న బుడగ ఉన్నా, మెటీరియల్ లాగినట్టు గీత పడ్డా, తిరగబడిన ఆకారంలో అది కంటికి ఆనదు. ల్యాబ్‌లో స్టోన్ (గట్టి జిప్సం) పోసి, ఆ పన్ను నమూనా (డై) విడిగా కోసినప్పుడు బయటపడుతుంది. అప్పటికి పేషెంట్ ఊరెళ్లిపోయి ఉంటారు. టెక్నీషియన్ ఫోన్ చేస్తే సరే, చేయకపోతే మార్జిన్ అంచనాగా గీసేస్తారు. ఇక లేటెక్స్ గ్లవ్స్‌తో పుట్టీ కలిపితే అందులోని సల్ఫర్ వల్ల సరిగ్గా సెట్ కాదు. ఎదురు దవడకి తీసిన ఆల్జినేట్ (నీళ్లతో కలిపే అచ్చు పొడి) కొలతలో స్టోన్ పోయడం ఆలస్యమైతే నీరు పోయి ముడుచుకుంటుంది, మన మే నెల ఎండల్లో ఇంకా త్వరగా. స్కాన్‌లో ఈ తలనొప్పులు ఉండవు.

బైట్ స్కాన్ (పళ్లు కలిపి కొరికినప్పటి స్కాన్) అయ్యాక ఎదురు పంటికి ఎంత ఖాళీ ఉందో రంగుల్లో చూపిస్తుంది. క్యాప్ ఒకే ముక్క (మోనోలిథిక్) జిర్కోనియా అయితే 1 మి.మీ., గాజు పింగాణీ రకం లిథియం డైసిలికేట్‌కి 1.5 మి.మీ. దొరికేలా చూసుకోండి. తక్కువ కనిపిస్తే అప్పటికప్పుడే పన్ను ఇంకాస్త తగ్గించి, స్కాన్‌లో ఆ ముక్క చెరిపి, అక్కడ మాత్రమే మళ్లీ స్కాన్ చేయండి.

1985లో జ్యూరిక్‌లో మోర్మన్, బ్రాండెస్టీని సెరెక్ (నోట్లో స్కాన్ చేసి అక్కడే పంటి ముక్క చెక్కే పద్ధతి) మొదలుపెట్టినప్పుడు పంటిమీద టైటానియం డయాక్సైడ్ పొడి చల్లాల్సి వచ్చేది. ఇప్పుడు ఎక్కువ స్కానర్లకి పొడి అక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ అంతే: వెలుతురు పడని చోటు కెమెరాకి కనపడదు. లైట్ బాడీ చిగురు కిందికి కాస్త జారుతుంది, వెలుతురు అలా జారదు. అందుకే చిగురు పని పుట్టీ రోజుల కంటే ఇప్పుడే ఇంకా జాగ్రత్తగా చేయాలి.

మేము చెప్పే పద్ధతి ఇదీ. అడుగున 000 కార్డ్ (చిగురుని పక్కకి నెట్టే సన్నటి దారం), పైన రక్తం ఆపే అల్యూమినియం క్లోరైడ్‌లో తడిపిన 0 లేదా 1 కార్డ్ పెట్టండి. కార్డ్‌లు లోపల ఉండగానే పక్క పళ్లు, ఎదురు దవడ స్కాన్ పూర్తి చేసి, ప్రెప్ ఉన్న భాగాన్ని సాఫ్ట్‌వేర్‌లో కత్తిరించేయండి. తర్వాత పై కార్డ్‌ని తడిపి తీయండి, పొడిగా లాగితే చిగురు చీరి రక్తం వస్తుంది. గాలితో ఆరబెట్టి, వెంటనే ఆ ఒక్క పన్నూ స్కాన్ చేయండి. ఆలస్యం చేస్తే చిగురు మళ్లీ మార్జిన్ మీదికి వాలిపోతుంది.

ఇక్కడ అందరూ మోసపోయే సంగతి ఒకటుంది. లాలాజలం, రక్తం పొరని స్కానర్ పన్నుగానే లెక్కేసుకుంటుంది. డేటా లేని చిన్న ఖాళీని సాఫ్ట్‌వేర్ తనే నున్నగా పూడ్చేస్తుంది. రంగుల్లో చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. రంగు ఆఫ్ చేసి బూడిద రంగు మోడల్‌ని చుట్టూ తిప్పి చూడండి. పదునుగా ఉండాల్సిన మార్జిన్ ఎక్కడైనా గుండ్రంగా కరిగినట్టు కనిపిస్తే, ఆ చోట సమాచారం లేనట్టే. క్యాప్ అంచు దగ్గర సందు 120 మైక్రాన్లు దాటకూడదన్నది డెంటిస్ట్రీలో చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. అలా కరిగిన మార్జిన్ మీద డిజైన్ చేస్తే క్యాప్ చెక్కే మిల్లింగ్ మెషీన్ ఎంత మంచిది అయినా ఆ లెక్క అందుకోలేదు.

స్కాన్ దారి ముందు నమిలే వైపు, తిరుగు ప్రయాణంలో నాలుక వైపు, చివర్లో బుగ్గ వైపు. కుర్చీ లైట్ పక్కకి తిప్పేయండి. ఫొటో మీద ఫొటో అతికించుకుంటూ పోయే పని కాబట్టి పొడవు పెరిగేకొద్దీ తప్పు పోగవుతుంది. ఒకటి రెండు క్యాప్‌లకి ఆ వైపు భాగం స్కాన్ చేస్తే చాలు.

బైట్‌లో ఇంకో చిక్కు. మత్తిచ్చాక పేషెంట్ దవడ పక్కకి జరిపి కొరుకుతారు, క్యాప్ ఎత్తుగా వస్తుంది. వీలైతే మత్తుకి ముందే బైట్ స్కాన్ చేసి ఉంచుకోండి.

ప్రెప్‌లో కోసుగా మూలలు వదలొద్దు. మిల్లింగ్ బర్ కొన కంటే సన్నటి చోట మెషీన్ అదనంగా తొలిచేస్తుంది, లోపల క్యాప్ వదులవుతుంది. దీనికి స్కానర్‌ని తిట్టి లాభం లేదు.

పళ్లే లేని దవడకి కట్టుడు పళ్లు, వేరు లోపలికి లోతుగా దిగే పోస్ట్ పని, రక్తం ఆగని చిగురు... వీటికి మామూలు కొలతే మా ఓటు. మిగతా క్రౌన్, చిన్న బ్రిడ్జ్ పనికి స్కానర్ వైపే మొగ్గుతాం.

కొనేముందు మూడు అడగండి. ఎస్‌టీఎల్, పీఎల్‌వై (3డీ స్కాన్ ఫార్మాట్లు) ఫైళ్లు ఏ ల్యాబ్‌కైనా నేరుగా పంపొచ్చా? ఏటా సబ్‌స్క్రిప్షన్ కట్టాలా? నోట్లో పెట్టే టిప్ ఎన్నిసార్లు ఆటోక్లేవ్‌కి ఆగుతుంది, కొత్తది ఎంత? డెమోని మాత్రం ప్లాస్టిక్ మోడల్ మీద ఒప్పుకోవద్దు. కింది దవడలో చివరి పన్ను, మార్జిన్ చిగురు అంచున ఉన్న ప్రెప్ మీద చేయించి, ఆ ఫైల్ మీ ల్యాబ్‌కి పంపి, మార్జిన్ చుట్టూ ఎక్కడా ఊహించకుండా గీయగలిగారా అని టెక్నీషియన్‌నే అడగండి.