బల్లిపాటు నుంచి మందుపెట్టడం దాకా

సభకు నమస్కారం.

బస్టాండుల్లో, జాతరల్లో, గుడి ముందు పటాలూ పూసలూ అమ్మే కొట్లలో తాడుకు వేలాడే సన్నపాటి పుస్తకాలు మీరందరూ చూసినవే. బల్లి శాస్త్రం, పుట్టుమచ్చల శాస్త్రం, కలల ఫలితాలు, వశీకరణ తంత్రం.

మా ఇంట్లో బల్లిపాటు పట్టిక పంచాంగంలోనే ఉండేది. మగవాళ్లకో వరుస, ఆడవాళ్లకో వరుస. ఎవరి మీదైనా బల్లి పడితే మా నాయనమ్మ తలస్నానం చేయించి, దీపం పెట్టించి, ఆ తర్వాతే పట్టిక తీసేది. ఫలం చెడ్డదైతే, కంచిలో బంగారు బల్లిని తాకి వచ్చిన పక్కింటి పెద్దావిడను ముట్టుకుని రమ్మనేది. భయమూ దాని విరుగుడూ ఒకే వీధిలో దొరికేవి. అందుకే ఆ పట్టిక మీద నాకు కోపం రాదు.

సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేల కోసం కుక్కుట శాస్త్రం తిరగేస్తారు. ఏ నక్షత్రాన కాకి రంగు కోడి గెలుస్తుంది, ఎప్పుడు డేగ రంగుది, ఎప్పుడు నెమలి రంగుది అన్నది అందులో ఉంటుంది. పందెం పోయినవాడు శాస్త్రాన్ని అనడు, కోడి రంగు పోల్చుకోవడంలో తనే పొరబడ్డానంటాడు. ఈ పుస్తకాలు ఇన్నాళ్లు బతికింది ఆ వెసులుబాటు వల్లనే.

వశీకరణం సంగతి మాత్రం వేరు. అక్కడ వేరో పసరో పోయేది ఎదుటి మనిషి కడుపులోకి, అదీ చెప్పకుండా. మన ఊళ్లలో 'మందు పెట్టారు' అనే మాట వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. ఎర్రన పూరించిన అరణ్యపర్వంలో సత్యభామ ద్రౌపదిని ఇదే అడుగుతుంది: అయిదుగురు భర్తలూ నీ మాట జవదాటరు, మంత్రమా, మందా? ద్రౌపది నొచ్చుకుంటుంది. భార్య మందుమాకులకు దిగిందని తెలిస్తే, పాము దూరిన ఇంట్లో ఉన్నట్టు మగడికి నిద్ర పట్టదంటుంది. ఆ మందులు తిని రోగాల పాలైనవాళ్ల సంగతీ ఎత్తుతుంది. ఏడు వందల ఏళ్ల కిందటే తెలుగులో ఇంత స్పష్టంగా చెప్పిన మాట ఇది. దాన్ని ఆ వశీకరణ పుస్తకాల అట్టల మీద అచ్చువేయాలని నాకుంటుంది. అందులోనూ అవి ఎక్కువగా 'స్త్రీ వశ్యం' పేరుతో మగవాళ్లకు అమ్ముతున్నవి. ఆ అమ్మాయి ఇష్టమేమిటన్న ప్రశ్న వాటిలో ఒక్క పేజీలోనూ కనిపించదు.

అయినా వీటిని తూకానికి వేయకండి, గ్రంథాలయానికి ఇవ్వండి. ముఖ్యంగా అంచుల్లో రాతలున్నవి. మా నాయనమ్మ బల్లి పడిన తేదీలు పట్టిక పక్కనే పెన్సిలుతో రాసుకుంది. ఒక తేదీ కింద 'ఏమీ కాలేదు' అని ఉంది.