వంద గజాల దూరంలో శత్రువు: లాన్స్ నాయక్ లాలా సాహసం

నమస్కారం. మొదటి ప్రపంచ యుద్ధ కాలం, 1916 జనవరి 21. ఇప్పటి ఇరాక్‌లో, టైగ్రిస్ నది ఒడ్డున హన్నా అనే చోట బ్రిటిష్ ఇండియా సైన్యం టర్కీ కందకాల మీద దాడికి దిగింది. అక్కడికి ఎగువన కూత్ పట్టణంలో జనరల్ టౌన్‌షెండ్ దళం ముట్టడిలో చిక్కుకుని ఉంది. దాన్ని విడిపించాలన్న తొందరలో చేసిన దాడి ఇది. ఒక పక్క నది, ఇంకో పక్క చిత్తడి నేల, మధ్యలో చాటన్నది లేని మైదానం. పైగా వాన, మోకాళ్లు దిగబడే బురద, ఎముకలు కొరికే చలి. ఆ పోరులో మనవైపు మృతులూ క్షతగాత్రులూ కలిపి సుమారు 2,700 మంది.

ఆ బురదలోనే ఉన్నారు లాలా. 41వ డోగ్రా పటాలంలో లాన్స్ నాయక్, అంటే సిపాయికి ఒక మెట్టు పైనున్న చిన్న హోదా. ఊరు ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని హమీర్‌పూర్ జిల్లా పరోల్. వయసు నలభైకి చేరువవుతోంది.

అప్పటికప్పుడు ఒక చిన్న చాటు తానే ఏర్పరచుకుని, అందులో నలుగురు క్షతగాత్రులకు కట్లు కట్టారు. శత్రువుకు దగ్గరగా పడి ఉన్న వేరే పటాలం అధికారిని ఈడ్చుకొచ్చి ఆయనకూ కట్టు కట్టారు. అంతలో ఒక కేక వినిపించింది. తన పటాలం అడ్జుటెంట్ (దళాధిపతికి పాలనా పనుల్లో సాయపడే అధికారి) తీవ్రంగా గాయపడి ఆరుబయట పడి ఉన్నాడు. శత్రువు వంద గజాలకు మించిన దూరంలో లేడు. అటు వెళితే చావు ఖాయం. అయినా వెళ్లి తీరతానని పట్టుబట్టి వెళ్లారు. వీపు మీద వేసుకుని పాక్కుంటూ తెచ్చేస్తానన్నారు. అందుకు అనుమతి దొరకలేదు.

అప్పుడాయన చేసిన పని చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. ఒంటి మీది బట్టలు విప్పి ఆ అధికారికి కప్పారు. చీకటి పడబోయేదాకా అక్కడే, ఆయన పక్కనే ఉండిపోయారు. అది ఎలాంటి చలి అనుకున్నారు? గాయాలతో మైదానంలో పడి ఉన్నవాళ్లలో ఎందరో ఆ రాత్రి చలికే ప్రాణాలు విడిచారు. తుపాకీ గుళ్ల మధ్య పరుగెత్తడం ఒక ఎత్తు. కదలకుండా, వణుకుతూ, గంటల తరబడి ఒక మనిషిని కనిపెట్టుకుని ఉండటం నా దృష్టిలో అంతకు మించిన ధైర్యం.

చీకటి పడ్డాక మొదటి అధికారిని మోసుకుని ప్రధాన కందకాలకు చేర్చారు. స్ట్రెచర్‌తో మళ్లీ వెళ్లి అడ్జుటెంట్‌నూ తెచ్చారు.

భారతీయ సైనికులకు 1911 నుంచే అందుబాటులోకి వచ్చిన బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ లాలాను వరించింది. కూత్‌కు మాత్రం విముక్తి దొరకలేదు, ఏప్రిల్ 29న లొంగిపోయింది. క్షతగాత్రుల్ని స్ప్రింగులు లేని బళ్లలో కుదిపి తరలించిన ఆ యుద్ధరంగపు దుస్థితిని 1917లో విచారణ సంఘం తీవ్రంగా ఎండగట్టింది. దాంతో బ్రిటన్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు.

తెల్లదొరల కోసం ప్రాణం ఒడ్డడం ఏమి ఘనత అని అడిగేవాళ్లున్నారు. ఆ యుద్ధం మనది కాదు, ఒప్పుకుంటాను. పతకంతో ఇచ్చిన ప్రశంసాపత్రం కూడా తన అధికారుల పట్ల చూపిన అంకితభావమనే పొగిడింది. కానీ అదే పత్రం చెబుతోంది: ఆ ఇద్దరు అధికారుల కంటే ముందు ఆయన చేతులు కట్లు కట్టింది ఆ నలుగురికి. పత్రంలో వాళ్లకు పేర్లు లేవు, హోదాలు లేవు.