ఒక్క కేసూ లేని క్యాంపస్ అంటే నాకు భయం

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో మాట వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నాకిచ్చిన అంశం యూనివర్సిటీలో భద్రత, పోలీసింగ్. ఈ మాట వినగానే మనకి గుర్తొచ్చేవి గేటు, ఐడీ కార్డు, సీసీ కెమెరా, రాత్రయ్యేసరికి హాస్టల్‌కి పడే తాళం. వాటి సంగతి కూడా చెప్తాను గానీ నా అసలు గొడవ వేరే. "గత ఏడాది మా క్యాంపస్‌లో ఒక్క కేసు కూడా నమోదు కాలేదు" అని ఎవరైనా అధికారి గర్వంగా చెప్తే నాకు ధైర్యం రాదు సరికదా, గుబులు పుడుతుంది. వేలమంది కుర్రవాళ్లు, అందులో చాలామంది మొదటిసారి ఇల్లు వదిలి వచ్చినవాళ్లు, ఒకే చోట తింటూ పడుకుంటూ చదువుకుంటూ ఉంటే ఏడాది పొడుగునా ఏమీ జరగకపోవడం అనేది ఉండదు. జరిగింది ఆఫీసు గడప దాకా రాలేదు, లేదా వచ్చినా ఫైల్లోకి ఎక్కలేదు.

1986 ఏప్రిల్‌లో అమెరికాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే పందొమ్మిదేళ్ల అమ్మాయి హాస్టల్లో తన గదిలో నిద్రపోతుండగా ఒకడు వచ్చి అత్యాచారం చేసి చంపేశాడు. ఆ హాస్టల్ తలుపులకి తాళాలు లేక కాదు. ఎవరో స్నేహితులు వచ్చిపోవడానికి వీలుగా ఉంటుందని తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టి వదిలేశారు, అలాంటి మూడు తలుపులు దాటుకుని వాడు లోపలికొచ్చాడు. ఇంతకీ వాడు బయటివాడు కూడా కాదు, అదే యూనివర్సిటీలో చదువుతున్నవాడు. గేటు దగ్గర ఐడీ కార్డు అడిగితే దర్జాగా తీసి చూపించేవాడన్నమాట. (మన భద్రత ఏర్పాట్లన్నీ ముక్కూ మొహం తెలియనివాడి కోసమే ఎందుకు ఉంటాయో నాకెప్పుడూ అర్థం కాదు. క్యాంపస్‌లలో జరిగే లైంగిక దాడుల్లో ఎక్కువ భాగం బాధితులకి తెలిసినవాళ్లు చేసేవే.)

ఆ తల్లిదండ్రులకి తర్వాత తెలిసిందేమిటంటే, అంతకు ముందు మూడేళ్లలో ఆ క్యాంపస్‌లో 38 హింసాత్మక నేరాలు జరిగాయని. అమ్మాయిని చేర్చేటప్పుడు ఆ ముక్క వాళ్లకి చెప్పినవాళ్లు లేరు. వాళ్లు ఊరుకోలేదు. కోర్టుకెళ్లారు, చట్టసభల చుట్టూ తిరిగారు, చివరికి 1990లో అమెరికా మొత్తానికీ ఒక చట్టం తెచ్చారు. ఇప్పుడు దాన్ని ఆ అమ్మాయి పేరుతోనే క్లెరీ చట్టం అంటారు. దాని ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం అందుకునే ప్రతి కాలేజీ ఏటా అక్టోబర్ 1 లోపు మూడేళ్ల నేరాల లెక్క అందరికీ తెలిసేలా ప్రకటించాలి. క్యాంపస్ పోలీసో సెక్యూరిటీ విభాగమో ఉన్నచోట రోజువారీ నేరాల రిజిస్టర్ ఒకటి నడపాలి, ఫిర్యాదు అందిన రెండు పనిదినాల్లో అందులో ఎక్కించాలి, ఎవరొచ్చి అడిగినా చూపించాలి. పెద్ద ప్రమాదం ఇంకా పొంచి ఉంటే విద్యార్థులందరినీ హెచ్చరించాలి. గమనించారా, ఈ చట్టంలో ముఖ్యమైన నిబంధనలన్నీ చెప్పడం గురించే. ఇన్ని తుపాకులు పెట్టండి, ఇంత ఎత్తు గోడ కట్టండి అని ఎక్కడా లేదు.

చట్టం ఉన్నంతమాత్రాన అందరూ పాటిస్తారా అంటే, 2024 మార్చిలో అమెరికాలోని లిబర్టీ యూనివర్సిటీ అనే క్రైస్తవ విద్యాసంస్థకి కోటీ 40 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఈ చట్టం కింద అప్పటిదాకా అంత పెద్ద జరిమానా ఎవరికీ పడలేదు. నేరాల లెక్క సరిగా చూపకపోవడం ఒక తప్పయితే, విచారణలో బయటపడిన ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అక్కడ మద్యం తాగడం, పెళ్లి కాకుండా దగ్గరవడం లాంటివి క్రమశిక్షణ నియమాలకి విరుద్ధం. దాడికి గురైనవాళ్లు వచ్చి ఫిర్యాదు చేస్తే ముందు వాళ్లకే శిక్ష పడుతుందేమోనని భయపడి చాలామంది నోరు మెదపలేదు. ఇది ఆ ఒక్క చోటి జబ్బు కాదండీ. "అసలు ఆ టైంలో నువ్వు అక్కడ ఎందుకున్నావ్?" అని మొదటి ప్రశ్న పడే ప్రతి చోటా ఇదే జరుగుతుంది. ఆ ప్రశ్న ఒక్కసారి అడిగితే చాలు, మరుసటి ఏడాది కేసుల సంఖ్య చక్కగా తగ్గిపోతుంది, దాన్నే గ్రాఫు గీసి చూపిస్తారు.

ఇక ఆలస్యం సంగతి. 2007 ఏప్రిల్ 16, అమెరికాలోని వర్జీనియా టెక్ యూనివర్సిటీ. ఉదయం 7:15 ప్రాంతంలో ఒక హాస్టల్లో ఇద్దరు విద్యార్థుల్ని కాల్చేశారు. ఇది వాళ్ల మధ్య వ్యక్తిగత వ్యవహారం అయివుంటుందని పోలీసులు అనుకున్నారు, చనిపోయిన అమ్మాయి స్నేహితుడి కోసం వెతుకుతూ వెళ్లారు. క్యాంపస్ అంతటికీ మొదటి ఈమెయిల్ వెళ్లింది 9:26కి. అప్పటికి తొమ్మిదింటి క్లాసులు మొదలైపోయి పిల్లలు బెంచీల మీద కూర్చుని నోట్సు రాసుకుంటున్నారు. ఇంకో పావుగంటకి అదే హంతకుడు ఇంజినీరింగ్ విభాగం ఉన్న నారిస్ హాల్ తలుపులకి లోపలి నుంచి గొలుసులు వేసి 30 మందిని చంపాడు. మొత్తం 32 మంది. ముందే చెప్పి ఉంటే అందరూ బతికేవారని నేననను, అది ఎవరూ తేల్చలేని విషయం. కానీ ఆ రెండు గంటల్లో క్లాసుకి వెళ్లాలా వద్దా అని ఎవరికి వాళ్లు నిర్ణయించుకునే అవకాశమే లేకుండా పోయింది. 2008లో క్లెరీ చట్టాన్ని సవరించి, ప్రాణాపాయం ఉందని నిర్ధారణ అయిన వెంటనే సమాచారం పంపి తీరాలన్నారు. పుకార్లు వస్తాయి, టెన్షన్ పెరుగుతుంది అని ఆగేవాళ్లకి నా జవాబు ఒకటే, మీరు చెప్పకపోతే వాట్సాప్ చెప్తుంది, అదీ తప్పుగా. అలాగని ప్రతి చిన్నదానికీ మెసేజ్ పంపితే నాలుగో రోజు నుంచి తెరిచి చూసేవాడుండడు, అదీ నిజమే.

పోలీసులు క్యాంపస్‌లో ఉండాలా వద్దా అన్నది పాత తగువు. 1894లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ సొంత పోలీసుల్ని పెట్టుకుంది. వైద్య విద్యార్థులు సమాధుల్లోంచి శవాలు ఎత్తుకెళ్తున్నారనే పుకార్ల మీద ఊరివాళ్లకీ విద్యార్థులకీ గొడవలయ్యాక ఊరి పోలీసులు ఇద్దర్ని అక్కడ వేశారు, అలా మొదలైంది. గ్రీస్‌లో దీనికి పూర్తిగా ఎదురు. 1973 నవంబర్ 17న సైనిక ప్రభుత్వం విద్యార్థులు నిరసన చేస్తున్న ఏథెన్స్ పాలిటెక్నిక్ గేటుని ట్యాంకుతో కూల్చింది, ఆ జ్ఞాపకంతోనే 1982 చట్టం పోలీసులు యూనివర్సిటీలోకి అడుగు పెట్టడానికి గట్టి హద్దులు పెట్టింది. 2019లో ఆ రక్షణ తీసేశారు, 2021లో యూనివర్సిటీ పోలీసు దళానికే చట్టం చేశారు, విద్యార్థులు వీధుల్లోకొచ్చారు. రెండు వైపుల వాదనల్లోనూ పస ఉంది. నేనైతే చూసేది ఒక్కటే, ఆ పోలీసు ఎవరికి జవాబుదారీ?

2011 నవంబర్ 18న కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో నిరసనగా చేతులు పెనవేసుకుని నేల మీద కూర్చున్న విద్యార్థుల ముందు ఒక క్యాంపస్ పోలీసు తాపీగా నడుచుకుంటూ వెళ్లి, దగ్గర్నుంచి వాళ్ల మొహాల మీద పెప్పర్ స్ప్రే కొట్టాడు. మొక్కలకి మందు కొట్టినట్టు కొట్టాడు, ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. ఇది జరగకుండా ఆపగలిగేవారేనని విచారణ బృందం తేల్చింది, 2012లో పది లక్షల డాలర్లకి కేసు రాజీ అయింది. అక్కడితో అయిపోతే బాగుండేది. ఇంటర్నెట్‌లో ఆ సంఘటన కనపడకుండా చేయడానికి యూనివర్సిటీ సలహా సంస్థలకి కనీసం 1,75,000 డాలర్లు కట్టిందని 2016లో ఒక పత్రిక బయటపెట్టింది. దాంతో మర్చిపోయినవాళ్లకి కూడా మళ్లీ గుర్తొచ్చింది!

మన దేశంలోనూ 2009లో అమన్ కచ్రూ అనే వైద్య విద్యార్థి ర్యాగింగ్‌కి బలైన తర్వాత యూజీసీ తెచ్చిన నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. సమాచారం అందాక అది నేరమే అనిపిస్తే సంస్థ అధిపతి 24 గంటల్లో ఎఫ్ఐఆర్ పెట్టించాలి. లోపల్లోపల సర్దేసుకోవడానికి వీల్లేదన్నమాట. అమలు ఎలా ఉందో మీకే బాగా తెలుసు.

కెమెరాల మాట చెప్తానన్నాను కదా. కెమెరా జరిగిపోయినదాన్ని చూపిస్తుంది, చూసే మనిషి లేకపోతే అదీ చూపించదు. ఏ దారిలో లైటు వెలగడం లేదో, ఏ తలుపు గడియ సరిగా పడదో, ఏ గది ముందు రాత్రిళ్లు ఎవరో ఏడుస్తూ కూర్చుంటున్నారో నైట్ డ్యూటీ గార్డుకీ, ఊడ్చే అమ్మకీ తెలుసు. భద్రత కమిటీ మీటింగుకి వాళ్లని పిలిచిన చోటు నేనింతవరకూ చూడలేదు. పిలవండి. కనీసం టీ ఇచ్చి అడగండి.

విద్యార్థులకి ఒక పని చెప్తాను. రేపు వెళ్లి మీ యూనివర్సిటీలో గత మూడేళ్ల ఫిర్యాదుల లెక్క అడగండి, పేర్లు అక్కర్లేదు, ఎన్ని వచ్చాయి, వాటినేం చేశారు అన్నది చాలు. రాతపూర్వకంగా అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి. రాత్రి రెండింటికి అత్యవసర నంబర్‌కి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారో, ఎత్తినవాడికి ఏం చేసే అధికారం ఉందో కూడా అడగండి. తాగి ఉన్న స్నేహితుడికి ఒంట్లో బాగోలేక మీరు ఫోన్ చేస్తే మీమీద చర్య తీసుకోబోమని రాసివ్వగలరా అని అడగండి. జవాబు ఎన్ని రోజులకొచ్చిందో రాసిపెట్టుకోండి.

నేను చెప్పాల్సింది ఇంతే. ఆ మూల చాలాసేపటి నుంచి చెయ్యెత్తిన అమ్మాయికి మైకు ఇవ్వండి.