ప్రాసెసర్‌పై పనిభారానికి నమూనా కట్టడం ఎలా?

నమస్కారం. తిరుపతి నుంచి చేస్తున్న ఈ వీడియోలో, ఒక కంప్యూటర్ మన అవసరానికి సరిపోతుందా లేదా అన్నది కొనకముందే తేల్చుకోవడానికి, దాని ప్రాసెసర్‌పై పడబోయే పనిభారానికి, అంటే వర్క్‌లోడ్‌కు, నమూనా ఎలా కట్టాలో చూద్దాం.

మన ఊళ్లో అందరికీ తెలిసిన సంగతితోనే మొదలుపెడదాం. శ్రీవారి 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే వేళకు దేశమంతటా భక్తులు ఒక్కసారిగా లాగిన్ అవుతారు. ఆ రోజు వచ్చిన రిక్వెస్టులన్నిటినీ 24 గంటలకు పంచి సగటు తీస్తే, అసలు పరీక్ష జరిగిన ఆ కొద్ది నిమిషాల జాడే లెక్కలో మిగలదు.

తెర మీద లెక్క చూడండి. ఒక్కో రిక్వెస్టుకు ప్రాసెసర్ సగటున 8 మిల్లీసెకన్లు తీసుకుంటుందని అనుకుందాం. సెకనుకు 50 రిక్వెస్టులు వస్తే ప్రాసెసర్ 40 శాతం సమయం పనిలో ఉండి, 60 శాతం ఖాళీగా ఉంటుంది. రాకలూ పని సమయాలూ యాదృచ్ఛికంగా మారుతుంటాయని భావించే సరళమైన క్యూ నమూనాలో, 8ని 0.6తో భాగిస్తే సగటు స్పందన సమయం సుమారు 13 మిల్లీసెకన్లు వస్తుంది. సెకనుకు 100 వస్తే ఖాళీ 20 శాతమే, స్పందన సమయం 40 మిల్లీసెకన్లు. 120 వస్తే ఖాళీ 4 శాతమే, స్పందన సమయం 200 మిల్లీసెకన్లు. రాకలు ఐదో వంతు పెరిగినందుకే స్పందన సమయం ఐదింతలైందన్నమాట. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఇదే.

అయితే ఆ 8 మిల్లీసెకన్లు కూడా స్థిరం కాదు. డేటా క్యాష్‌లో, అంటే ప్రాసెసర్‌కు దగ్గరగా ఉండే చిన్న, వేగవంతమైన మెమరీలో, దొరికినప్పుడు చకచకా నడిచే ప్రోగ్రామే, ప్రధాన మెమరీ దాకా వెళ్లాల్సి వస్తే నెమ్మదిస్తుంది. ప్రాసెసర్ వేగాన్ని కొలవడానికి 1984లో వచ్చిన డ్రైస్టోన్ పరీక్ష చాలా చిన్న ప్రోగ్రామ్ కాబట్టి క్యాష్‌లోనే ఇమిడిపోయి, మెమరీ భారాన్ని దాదాపుగా చూపించదు. కంప్యూటర్ల పనితీరు కొలిచే పరీక్షలు రూపొందించడానికి 1988లో ఏర్పడిన స్పెక్ (SPEC) సంస్థ నిజమైన అప్లికేషన్ల నుంచి పరీక్షలను కూర్చడం అందుకే మేలైన మార్గమైంది.

మీ లినక్స్ కంప్యూటర్‌లో ప్రాసెసర్ పనిని లెక్కించే పెర్ఫ్ స్టాట్ (perf stat) అనే కమాండ్ నడిపి, సైకిళ్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు), ఇన్‌స్ట్రక్షన్లు (ప్రాసెసర్ అమలు చేసిన ఆదేశాలు), క్యాష్ మిస్‌లను (డేటా క్యాష్‌లో దొరకని సందర్భాలను) సెకనుకోసారి నమోదు చేయండి. సైకిళ్లను ఇన్‌స్ట్రక్షన్లతో భాగించి గీత గీస్తే, ప్రోగ్రామ్ ఏ దశలో ఎలా ప్రవర్తిస్తుందో కంటికి కనబడుతుంది. ఒక్కో దశ నుంచి ఒక్కో తునకను ఎంచుకుని, ఆ దశ ఎంతసేపు సాగిందో దానికి తగిన బరువు ఇవ్వండి.

ఇలా బరువులతో కూర్చిన నమూనాను ముందుగా మీ దగ్గరున్న పాత కంప్యూటర్‌కే వర్తింపజేసి, కొలిచిన స్పందన సమయంతో పోల్చండి. రెండూ పొసగకపోతే, కొత్త కంప్యూటర్ గురించి ఏ అంచనాకూ రాకుండా, రాకల ఉద్ధృతిని సరిగ్గా పట్టుకున్నామా అని మొదట చూడండి.