ముందు పలకరింపు, తర్వాతే ప్రశ్న

(తెలుగు భాషా దినోత్సవం నాడు చెన్నై టి. నగర్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలందరి పేర్లూ అధ్యక్షులవారు చెప్పేశారు కాబట్టి నేను మళ్ళీ చదవను. పేరంబూరు, వ్యాసర్‌పాడి నుంచి ఈ ఎండలో బస్సులు మారి వచ్చిన అక్కయ్యలకు మాత్రం ప్రత్యేకంగా దండం పెడుతున్నాను.

ఆహ్వాన పత్రికలో నా అంశం 'తెలుగు భాషా వైభవం' అని వేశారు. దాని గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. ఈరోజు ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం ఏటా తలుచుకుంటాం. ఆయన చేసిన ఇంకో పని మాత్రం దండలు వేసే హడావిడిలో వదిలేస్తాం. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే ఆ మాస్టారు అక్కడి గిరిజనులైన సవరల భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు, నిఘంటువు కూర్చారు. తెలుగు కోసం అంత కొట్లాడిన మనిషే పొరుగువాళ్ళ భాష కోసమూ అంత కష్టపడ్డారు. ఆయన పుట్టినరోజున పరాయి భాషల పలకరింపుల గురించి మాట్లాడితే తప్పు లేదన్న ధైర్యంతో అంశం మారుస్తున్నాను. అధ్యక్షులవారు అనుమతించాలి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కొత్త ఊళ్ళో కాలు పెట్టాక, ఆ ఊరివాళ్ళ భాషలో పలకరించకుండా ఎవర్నీ ఏదీ అడగొద్దు. దారి అడగొద్దు, ధర అడగొద్దు, మంచినీళ్ళు కూడా అడగొద్దు. ముందు పలకరించండి. దీనికి భాషంతా రానక్కర్లేదు. నమస్కారం, దయచేసి, థాంక్స్, క్షమించండి, నాకు అర్థం కాలేదు. ఈ ఐదూ వస్తే చాలు.

నేను సెంట్రల్ స్టేషన్ ఎంక్వైరీ కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను. సాయంత్రం హౌరా నుంచి కోరమాండల్ వచ్చిందంటే కౌంటర్ ముందు బెంగాలీవాళ్ళు, ఒడియావాళ్ళు కిక్కిరిసిపోయేవాళ్ళు. చాలామంది వెల్లూరు ఆస్పత్రికి పోయేవాళ్ళే. వెల్లూరుకి దిగాల్సిన స్టేషన్ కాట్పాడి కాబట్టి, కాట్పాడి బండి ఎక్కడ, ఎప్పుడు అన్నదే వాళ్ళ ప్రశ్న. ఒకచేత్తో ఎక్స్‌రే కవరు, ఇంకో చేత్తో పేషెంటు భుజం పట్టుకుని, రాని హిందీలో కూడబలుక్కుంటూ నిలబడేవాళ్ళు. 'నమొష్కార్, ఏక్టు దాఁడాన్', అంటే నమస్కారమండీ, ఒక్క నిమిషం ఆగండి అనేదాన్ని. ఆ రెండు ముక్కలకే ముడుచుకున్న మొహాలు విచ్చుకునేవి. బండి వేళ మారేది కాదు, ప్లాట్‌ఫారం దగ్గరయ్యేది కాదు. కానీ తోపులాట ఆగేది. చెప్పింది చెవికెక్కేది. ఎవరైనా కాదంటే ఆ కౌంటర్లో ఒక్క సాయంత్రం కూర్చుని చూడమంటాను.

ఇప్పుడు మన టూర్ల సంగతి. ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

యూరప్‌కి గ్రూపులో వెళ్ళాం. కంపెనీ పేరు అనవసరం. బస్సెక్కగానే మేనేజరు మైకు తీసుకుని, 'మీరెవరితోనూ మాట్లాడక్కర్లేదు, అంతా మేం చూసుకుంటాం' అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పారిస్‌లో ఒక రొట్టెల దుకాణం. మా గ్రూపులో పెద్దాయన లోపలికి పోతూనే వేలు చూపించి 'హౌ మచ్?' అన్నారు. కౌంటర్లో ఆవిడ 'బోన్‌జూర్' అని ఆగింది. ఆయన మళ్ళీ 'హౌ మచ్?' అన్నారు. ఆవిడ మళ్ళీ 'బోన్‌జూర్', ఈసారి ఇంకాస్త నిదానంగా. ఆయన బయటికొచ్చి వీళ్ళకెంత పొగరు అని బస్సంతా చెప్పారు. నేను లోపలికెళ్ళి 'బోన్‌జూర్, మదామ్' అన్నాను. అంతే, నవ్వుతూ ఏం కావాలని ఇంగ్లీషులోనే అడిగింది! ఫ్రాన్స్‌లో దుకాణంలో అడుగుపెడుతూనే పలకరించడం మర్యాద. పొద్దుగూకితే 'బోన్‌స్వార్'. అది లేకుండా బేరానికి దిగితే, మన ఇంటికొచ్చినవాడు గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి దూరినట్టు ఉంటుంది వాళ్ళకి. ఇది ఆ మేనేజరుకి తెలియదా? తెలుసు. బస్సులో చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. లక్షలు పోసి వెళ్ళి, ఒక్క ఫ్రెంచివాళ్ళతోనైనా మాట కలపకుండా, ఐఫిల్ టవర్ ముందు ఫొటో దిగి, బస్సులో పులిహోర తిని తిరిగొచ్చినవాళ్ళున్నారు మాలో. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఫోనుంది కదా, అదే మాట్లాడుతుంది అంటారు మన పిల్లలు. ఉండనివ్వండి. ఇంట్లో కూర్చుని ఉచ్చారణ వినడానికి దానంత మంచి మాస్టారు లేడు. చైనీస్ మాండరిన్లో స్వరం మారితే అర్థమే మారిపోతుంది, అది చెవితో పట్టాల్సిందే. కానీ ఎదురుగా మనిషి నిలబడితే ఆ మొహంలోకి చూసి 'ని హావ్' అనండి, ఫోను వైపు చూసి కాదు. పెద్దవాళ్ళయితే 'నిన్ హావ్'.

మనవల్ని చూసుకోవడానికి అమెరికా వెళ్ళేవాళ్ళు ఎంతమంది ఉన్నారు ఇక్కడ? చేతులెత్తండి. చూశారా, సగం హాలు! మీరంతా ఇంగ్లీషు రాదని ఆర్నెల్లు సోఫాలోనే కూర్చుంటున్నారు. టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో మీ అపార్ట్‌మెంటు ముందు గడ్డి కోసేవాళ్ళలో, శుభ్రం చేసేవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో మాట్లాడేది స్పానిష్. అందరూ ఒకసారి అనండి: 'బ్వేనొస్ దియస్'. ఇంకా గట్టిగా. మధ్యాహ్నం దాటితే 'బ్వేనస్ తార్దెస్'. థాంక్స్‌కి 'గ్రాసియస్'. మన మాటల్లాగే అచ్చులు విప్పి పలుకుతారు, నోరు తిరక్కపోవడమనేది లేదు. థాయ్‌లాండ్ వెళ్ళేవాళ్ళు చేతులు జోడించడం కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. మగవాళ్ళు 'సవత్‌డీ ఖ్రప్' అనాలి, ఆడవాళ్ళం 'సవత్‌డీ ఖా' అనాలి. టాంజానియాలో పెద్దవాళ్ళు ఎదురైతే 'షికామో' అనాలి, వాళ్ళు 'మరహబా' అని బదులిస్తారు. సింగపూర్‌లో తమిళం అధికార భాషల్లో ఒకటి, కాబట్టి చెన్నైలో మనకు అబ్బిన 'వణక్కం' అక్కడా చెల్లుతుంది. ఆ మాటకొస్తే నెల్లూరు నుంచి ఇక్కడి ఆస్పత్రులకు వచ్చే మీ చుట్టాలకు ఆటో ఎక్కేముందు 'వణక్కం అణ్ణా' అనమని చెప్పండి చాలు.

జపాన్, రష్యా కూడా రాసుకొచ్చాను. వాటిని పక్కనపెడుతున్నాను, ఎందుకంటే ఇది చెప్పే తీరాలి.

ఆమధ్య మా అమ్మాయిని దిగబెట్టడానికి మీనంబాక్కం విమానాశ్రయానికి వెళ్ళాను. బయట కుర్చీల్లో నా పక్కన ఒక అమ్మాయి. రాజంపేట దగ్గర పల్లె. ఖద్దామా వీసా, అంటే పనిమనుషులకిచ్చే వీసా మీద కువైట్‌లో ఇంటిపనికి పోతోంది. పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. 'అరబ్బీ ఏమన్నా వచ్చామ్మా?' అన్నాను. 'ఏం రాదు పెద్దమ్మా, పోతే అదే వస్తాదని ఏజెంటు చెప్పినాడు' అంది. ఎంత తేలిగ్గా చెప్పాడండీ! డబ్బు తీసుకున్నాడు, వీసా ఇచ్చాడు, తెల్లారితే ఆ ఇంటి ఆవిడ ముందు నిలబడి ఏమనాలో చెప్పలేదు.

ఆ కవరు మీదే తెలుగులో రాసిచ్చాను. ఇంట్లోకి పోతూనే 'అస్సలాము అలైకుమ్'. ఎవరన్నా ముందు అంటే బదులుగా 'వ అలైకుముస్సలాం'. పొద్దున 'సబాహల్ ఖైర్', దానికి జవాబు 'సబాహన్నూర్'. థాంక్స్‌కి 'షుక్రన్'. అన్నిటికంటే ముఖ్యంగా 'మా అఫ్హమ్', నాకు అర్థం కాలేదు అని. ఆ చివరిది ఆ అమ్మాయి చేత పదేపదే అనిపించాను. అర్థం కాకపోయినా తలూపి, చెప్పని పని చేసి తిట్లు తినే ఆడపిల్లలు మన కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళలో ఎందరో. అది అనగలిగితే ఇంకోసారి చెప్పించుకోవచ్చు. లైన్లో నిలబడ్డాక కూడా ఆ అమ్మాయి పెదాలు కదులుతూనే ఉన్నాయి.

మనలాంటివాళ్ళకు ఇది సరదా, ఆ అమ్మాయికి బతుకు. అందుకే అడుగుతున్నాను, కార్యవర్గం వారు వినాలి. ఈ హాలు ఆదివారం పొద్దున ఖాళీగానే ఉంటుంది. గంటసేపు మాకివ్వండి. అరబ్బీకి, స్పానిష్‌కి చెప్పేవాళ్ళు మన సభ్యుల్లోనే ఉన్నారు, గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నారు, నాకు కనిపిస్తూనే ఉంది. ఎటు వెళ్తున్నారో, ఎప్పుడు వెళ్తున్నారో గుమ్మం దగ్గరున్న పుస్తకంలో రాసి వెళ్ళండి. మీ వీధిలో, మీకు తెలిసిన పల్లెల్లో కువైట్‌కి, దుబాయ్‌కి పనికి పోయేవాళ్ళుంటే ముందు వాళ్ళ పేర్లు రాయండి. చెన్నైలో విమానం ఎక్కేముందు ఒక్క పూట వాళ్ళని ఇక్కడికి తీసుకురండి. వాళ్ళ దగ్గర రూపాయి కూడా తీసుకోం. సెలవు.