మన ఫోన్‌లో అందరూ ఉన్నారు
(కోనసీమలో రైతులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

ఫోన్ భద్రత గురించి ఎక్కడ మాట్లాడినా ముందు వినిపించే మాట ఒకటుంది. "నా ఫోన్‌లో దాచుకోడానికి ఏముందండీ? నేనేమన్నా తప్పు చేశానా?" అంటారు. నిజాయితీగా బతికేవాళ్లే ఈ మాట అంటారు. అందుకే నిదానంగా జవాబు చెప్పాలనుంది.

మీ కాంటాక్టులు ఒకసారి తెరవండి. రొయ్యల మేత షాపాయన, కొబ్బరి దింపు తీసే మనిషి, అత్తిలిలో చెల్లెలు, కువైట్‌లో బావమరిది, అమ్మాయి చదివే కాలేజీ మేడమ్. తమ నంబరు ఊరందరికీ పంచమని వాళ్లెవరూ మీకివ్వలేదు. ఇక గ్యాలరీలో వీసా పని కోసం బావమరిది పంపిన పాస్‌పోర్టు, అమ్మ ఆధారు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఉంటాయి. యాప్ వేసుకుంటూ "అలౌ" నొక్కేస్తే వీళ్లందరి తరఫునా మీరు ఒప్పుకున్నట్టే.

లోన్ యాప్‌లు బతికింది దీనిమీదే. నాలుగైదు వేలు అప్పిచ్చి, కాంటాక్టులన్నీ లాగేసుకుని, గడువు దాటగానే చెల్లెలి అత్తగారికి ఫోన్ చేసి తిట్టేవాళ్లు. ఫొటోలు మార్ఫింగ్ చేసి చుట్టాలకు పంపేవాళ్లు. పరువుకు భయపడి ప్రాణం తీసుకున్నవాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు. అప్పిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్, ఫైళ్ల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. కెమెరా, లొకేషన్ లాంటివి కేవైసీ కోసం ఒక్కసారి, అదీ మన అనుమతితోనే తీసుకోవాలంది. మంచిదే. కానీ మోసం చేయాలనుకునేవాడు రూలు చూసి ఆగడు. యాప్ లోపల ఏం జరుగుతోందో మనకు కనబడదు.

అందుకే నాకు ఓపెన్ సోర్స్ అంటే అంత పట్టుదల. ప్రోగ్రామ్ రాసిన కోడ్ అందరి ముందూ పెట్టి, చూసుకోండి, మార్చుకోండి, పంచుకోండి అని లైసెన్సు ఇస్తారు. మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున నడిచే లినక్స్ అలాంటిదే. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ దాన్ని మొదలుపెట్టాడు.

"మాకు కోడ్ చదవడం రాదు కదా" అంటారు. కాలవ లాకుల లెక్కా మనందరికీ రాదు. నీళ్లు తగ్గితే తెలిసినవాడు వెళ్లి చూసే వీలుండాలి, అంతే.

ఆ వీలు ఎంత పని చేసిందో 2024 మార్చిలో చూశాం. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకి తన మెషీన్‌లో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చింది. తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌లో ఎవరో పెట్టిన దొంగదారి దొరికింది. అది లోకంలోని లెక్కలేనన్ని లినక్స్ సర్వర్లకు, అంటే వెబ్‌సైట్లు నడిపే కంప్యూటర్లకు, పాకకముందే ఆపగలిగారు. ఇందులో నన్ను బాధపెట్టే సంగతీ ఉంది. ఆ ప్రోగ్రామ్‌ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్క మనిషే, తీరిక సమయంలో చూసుకున్నాడు. సాయం చేస్తానని వచ్చి నమ్మకం సంపాదించినవాడే దొంగదారి పెట్టాడు. కోడ్ అందరికీ కనబడితే సరిపోదు, చూసే కళ్లు కావాలి. ఇక్కడున్న ఇంజినీరింగ్ పిల్లలూ, ప్రాజెక్టు రికార్డు కొనుక్కునే బదులు ఏదైనా ఓపెన్ సోర్స్ యాప్‌కి తెలుగు అనువాదం చేయండి, బగ్, అంటే తప్పు, కనబడితే రాసి పంపండి.

వాట్సాప్ మానేయమని నేను చెప్పను. 2016 నుంచి అందులో మన మెసేజీలు మధ్యలో ఎవరూ చదవలేకుండా తాళం పడే వెళ్తున్నాయి, ఆ తాళం పద్ధతి సిగ్నల్ అనే మరో మెసేజీల యాప్ వాళ్లు తయారుచేసిందే. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది మాత్రం కంపెనీకి తెలుస్తుంది. యాప్ కోడ్ మనకు చూపించరు. సిగ్నల్ యాప్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఇంట్లోవాళ్ల వరకైనా దానికి మారితే మేలంటాను. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ కుదరవు, అక్కడున్న కొడుకుతో, అక్కడ అనుమతి ఉన్న యాప్‌లోనే మాట్లాడాలి. మాట్లాడండి. ఆ యాప్‌కి మైకు, కెమెరా ఇస్తే చాలు. గ్యాలరీ ఎందుకు?

చెరువు లెక్కలు యాప్‌లో రాసుకునే రైతులు ఒక్కటి అడగండి: కంపెనీ మూతపడితే నా పంటల లెక్క ఫైలుగా బయటికి తీసుకోవచ్చా? సరైన జవాబు రాకపోతే, నోటుబుక్కులో కూడా రాసుకోండి.

సభ అయ్యాక వెనక బల్ల దగ్గర మా పిల్లలుంటారు. ఫోన్ పట్టుకెళ్తే ఏ యాప్ కాంటాక్టులు చూస్తోందో సెట్టింగ్స్‌లో చూపించి, అక్కర్లేనివి ఆపేస్తారు. లోన్ యాప్ వాళ్లు వేధిస్తుంటే సిగ్గుపడకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. చేయడానికి భయమైతే నా పక్కన కూర్చుని చేయండి.